పదిహేడో నెంబరు

కాసులమ్మ పొద్దున లేచి చేసే మొదటి పని తోడికోడలి మడిలో కోపీపువ్వు కొలవడం. కాలీఫ్లవర్‌ని కలకత్తాలో పుట్టి పెరిగిన మనవాళ్లు కోపీపువ్వనే అంటారు. ఆ తోడికోడలు జగ్గమ్మ ఇంకా ఇంట్లోంచి బయటికి రాకముందే కాసులమ్మ మురుగుకాలువ గట్టు మీద నుంచి ఆవిడ మడిలోకి దిగి, ఒక మొక్క దగ్గర కూర్చుని, ఆకులు విడదీసి పువ్వు మీద కుడిచేతి జాన ఆనించింది. జాన మీద రెండు వేళ్లు వచ్చింది. నాలుగు మడులు దాటి తన చేలోకి వచ్చి అన్నిటికంటే పెద్ద పువ్వు మీద అదే జాన పెట్టింది. జానకి ఇంకా వేలెడు తక్కువ.

"దీనమ్మ కడుపు కాల" అని నోట్లో చుట్టని ఈ దవడ నుంచి ఆ దవడకి తిప్పుకుంది. నిప్పున్న కొస లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ అది. చేతులు రెండూ పనిలో ఉన్నా ఆరిపోదు, గాలికి ఎగరదు. శ్రీకాకుళం విడిచి రెండు తరాలైనా ఆడవాళ్లు అది మాత్రం విడిచిపెట్టలేదు.

కలకత్తా మురుగంతా ఊరి చివర ఉన్న ఈ ధాపా కాలువలోకి వచ్చి పడుతుంది. కాలువ మొదట్లో ఉన్న మడి జగ్గమ్మ మొగుడు గురువులుది, చిట్టచివర ఉన్నది అతని తమ్ముడు, కాసులమ్మ మొగుడు బైరాగిది. అన్నదమ్ములిద్దరికీ కార్పొరేషన్‌లో డ్రెయిన్లు తీసే ఉద్యోగం. మడుల పని పెళ్లాలది. చిక్కటి నల్లబురద మొదటి మడి ముందే దిగిపోతుంది. చివరికి వచ్చేసరికి కాలువలో మిగిలేది కడుగునీళ్లు. ఎవరి మడి ముందు పేరుకున్న బురద వాళ్లే ఎత్తుకోవాలి, పక్కవాళ్లది ముట్టకూడదు. అది అక్కడి కట్టుబాటు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్న పెద్దమనిషి ఎవరో ధాపా చూసి ఉండడు. ఇక్కడ అడుసు కోసమే తలలు పగలగొట్టుకుంటారు.

ఎనిమిది గంటలకి సరుకు కొనే హారాన్ దాదా వెనక చెక్కబల్ల ఉన్న వ్యాను రిక్షా తొక్కుకుంటూ వచ్చాడు. జగ్గమ్మ గట్ల వెంట తిరుగుతూ కూలివాళ్ల చేత కోయిస్తోంది. కాళ్లకి మొగుడికి కార్పొరేషన్ ఇచ్చిన రబ్బరు బూట్లు. హారాన్ ఆవిడ బుట్టలోంచి ఒక పువ్వు తీసి అరచేతిలో ఎగరేసి పట్టుకుని, "ఆహా" అన్నాడు. కాసులమ్మ బుట్ట దగ్గరికి వచ్చి వంగనైనా వంగలేదు.

"ఇవి చిన్నవాటిలో పొయ్యండి" అని బంగాళీలో చెప్పి ముందుకు పోయాడు.

సరిగ్గా అప్పుడే జగ్గమ్మ నవ్వింది. కూలివాడు ఏదో అంటే నవ్విందో, తన బూటు బురదలో ఊడివస్తే నవ్విందో ఎవరికి తెలుసు? అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపని ఊరికే అనలేదు పెద్దలు. కాసులమ్మ చెంపలు మండిపోయాయి.

"ఏటే కాసులూ, ఒంట్లో బాగోనేదా? మొకం అలగున్నాది" అని జగ్గమ్మ అటునుంచి కేకేసింది.

"నాకేటప్పా! బాగానే ఉన్నాను" అంది కాసులమ్మ. గోనెపట్టా వేసిన తట్ట తలకెత్తుకుని గట్టు దిగిపోయింది.

ఎక్కడికి పోయిందో జగ్గమ్మకి తెలియదు. రెండు శీతాకాలాలుగా ఎవరికీ తెలియకుండా సాగుతున్న సంగతి అది. అరమైలు అవతల తోళ్ల కార్ఖానాల వెనక ఒక పిల్లకాలువ ఉంది. పాత బ్యాటరీలు పగలగొట్టే రేకుల షెడ్ల నీళ్లు కూడా దాంట్లోకే వస్తాయి. అక్కడి బురదకి కట్టుబాటు లేదు, ఎందుకంటే అక్కడికి ఎవరూ పోరు. తోలు ముక్కలు కుళ్లిన ఆ బురద వేస్తే పువ్వు గడ్డ కట్టి లావెక్కుతుందని ఎవరో అనగా కాసులమ్మ విన్నది. చీర మోకాళ్ల పైకి దోపుకుని దాంట్లోకి దిగింది. పార పెడితే జారిపోతుంది కాబట్టి రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి, కౌగిలించుకున్నట్టు పైకి లాగి తట్టలో వేసుకుంది. మధ్యలో చుట్టకి బూడిద పేరుకుంటే అవే వేళ్లతో నోట్లోంచి తీసి, దులిపి, మళ్లీ పెట్టుకుంది. తలమీద తట్టలోంచి నల్లటి నీరు చెవి వెనక నుంచి మెడ మీదుగా రవికెలోకి కారింది. అలా రోజుకి ఆరు తట్టలు. జగ్గమ్మ పువ్వు కన్నా తన పువ్వు ఒక్క వేలైనా పెద్దదవ్వాలి. అంతకు మించి ఆ మనిషికి లోకంలో ఇంకో కోరిక ఉన్నట్టు కనపడదు.

నాలుగో తట్టతో వస్తుంటే గట్టు మీద తెల్ల జీపు ఆగి ఉంది.

ఏదో కాలేజీ వాళ్లట. సుచరిత అనే సన్నటి అమ్మాయి, కళ్లజోడు, చేతిలో పెద్ద రిజిస్టరు. అందరి పేర్లూ, ఎన్నేళ్లుగా ఈ మడుల్లో పని చేస్తున్నారో రాసుకుంది. మట్టి తీసుకుంది, ఆకులు తీసుకుంది. తర్వాత మనిషికొక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది. డబ్బా మీద ఏమీ లేదు, మూత మీద ఎర్ర సిరాతో నెంబరు. జగ్గమ్మది పదిహేడు, కాసులమ్మది పద్దెనిమిది. రేపు పొద్దున లేవగానే పోసే ఉచ్చ అందులో పట్టి గట్టు మీద జీపు దగ్గరికి తెచ్చివ్వాలి. ఈ మురుగులోని సీసం మీ ఒంట్లోకి ఎంత దిగిందో చూస్తామనీ, ఆ వివరమంతా రాసి ప్రభుత్వానికి పంపుతామనీ ఆ అమ్మాయి గబగబా బంగాళీలో చెప్పి, ఇంకా చాలా ఊళ్లు తిరగాలని వెళ్లిపోయింది.

అందరూ పెద్దిరాజు చుట్టూ చేరారు. పెద్దిరాజు కార్పొరేషన్ యూనియన్‌లో మనిషి. రేషను కార్డుకైనా, ఓటరు లిస్టుకైనా, పార్టీ ఆఫీసులో చీటీకైనా ఆ బస్తీకి ఆయనే దిక్కు.

"సూడండొలే, అటు రాజార్‌హాట్‌లో న్యూ టౌన్ కడతన్నారు కదా. ఏటయినాది? కాగితం ఉన్నోడికి సొమ్ము వచ్చినాది, లేనోడికి లాఠీ వచ్చినాది. రేపో మాపో మన మీదకీ వత్తారు. మనకి కాగితం ఉన్నాదా? నేదు. మరి ఎన్నేళ్లు సేసినామో ఎలగ తేలతాది?" అని ఆగి, డబ్బా ఎత్తి చూపించాడు. "ఇలగ తేలతాది. ఈ మట్టిలోది ఒంట్లోకి దిగుతాదంట. ఎన్నేళ్లు సేత్తే అంత దిగుతాది. ఎక్కువొచ్చినోళ్ల పేర్లు గవర్మెంటుకి పోతాయి. ఆ పిల్ల నోటితోటే అన్నాదా నేదా?"

అంది. ప్రభుత్వానికి పంపుతామని అందరి ఎదురుగానే అంది. ఈ దేశంలో పేరు రాసుకుని, నెంబరిచ్చి, ప్రభుత్వానికి పంపేది పట్టా కోసం కాకపోతే ఇంకెందుకు? అది పిచ్చివాళ్ల నమ్మకం అనుకోకండి. జీవితమంతా లిస్టుల్లో పేరు కోసం వరుసల్లో నిలబడిన వాళ్లకి అదే న్యాయంగా కనపడుతుంది.

కాసులమ్మ మాత్రం అక్కడే కూర్చుని లెక్క కట్టుకుంది. జగ్గమ్మ ఈ మడుల్లోకి వచ్చి ఇరవై ఏళ్లు, తను వచ్చి పన్నెండు. జగ్గమ్మది మొదటి మడి, చిక్కటి బురద. తనది చివరి మడి, పలచటి నీళ్లు. కాబట్టి తన ఉచ్చ కూడా పలచనే అయి ఉంటుంది. జగ్గమ్మకి పట్టా వస్తుంది, తనకి ఎప్పట్లాగే చివరి వరస. తోళ్ల కార్ఖానా బురద ఆవిడ లెక్కలోకి రాలేదు. అది మడికి పోసింది గానీ తనకి పోసుకోలేదు కదా.

మర్నాడు పొద్దున పంచ గోడ అవతల నుంచి జగ్గమ్మ తొంగి చూసింది. కొంగు కింద డబ్బా.

"కాసులూ, నువ్వెలాగూ ఎల్తన్నావు కదా, నాదీ అట్టుకుపోవే. ఉచ్చ డబ్బా అట్టుకుని మగాళ్ల ముందు నడాలంటే నాకు సిగ్గేత్తంది."

"ఇలగియ్యి" అంది కాసులమ్మ.

అంతవరకూ ఆవిడ మనసులో ఏమీ లేదు. లేదనే మనమూ అనుకుందాం. రెండు చేతుల్లో రెండు డబ్బాలూ పట్టుకుని గట్టు మీద నడుస్తుంటే రెండూ గోరువెచ్చగా తగిలాయి. రెండూ ఒకటే రంగు. అరటి బోదెల చాటుకి వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. కింద కూర్చుని డబ్బాలు మట్టిలో గుచ్చి నిలబెట్టింది. అటూ ఇటూ చూసి, మూతలు రెండూ తిప్పి తీసింది. పదిహేడు మూత తన డబ్బాకి, పద్దెనిమిది మూత జగ్గమ్మ డబ్బాకి బిగించింది. తడి అయిన వేళ్లు చీరకి తుడుచుకుంది.

'దొంగతనమా ఏటి? ఉచ్చకి దొంగతనమేటి!' అనుకుని లేచి, రెండూ జీపు దగ్గర ఇచ్చేసింది. ఆ రోజు తట్టలు మోస్తుంటే బరువే తెలియలేదు.

రెండో వారంలో ఆవిడకి కడుపునొప్పి పట్టుకుంది. తిన్న గంటకి పేగులు మెలిపెట్టి పిండినట్టు వచ్చి, చెమటలు పోసి, పోయేది. బైరాగి వాము నమలమన్నాడు. నమిలింది. కోపీ కోస్తుంటే కొడవలి రెండుసార్లు చేతిలోంచి జారిపోయింది. చలికి వేళ్లు కొంకర్లు పోయాయనుకుంది. నొప్పుల గొడవ వినే తీరిక ఆవిడకి లేదు. తన పువ్వు జాన దాటి ఒక వేలు వచ్చింది. జగ్గమ్మది రెండు వేళ్ల దగ్గరే ఆగింది.

మూడో వారం కాలేజీ నుంచి బంట్రోతు సైకిలు మీద వచ్చి పెద్దిరాజుకి కాగితం ఇచ్చి పోయాడు. టీ కొట్టు దగ్గర అందరూ మూగారు. పెద్దిరాజు కళ్లజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, వేలు కాగితం మీద కిందికి దించుతూ వచ్చాడు.

"పదిహేడు. పదిహేడు అందరికంటే ఎక్కువంట! గురువారం పొద్దున జీపు వత్తాదంట, పదిహేడో నెంబరు మనిషి తయారుగా ఉండాలంట. మిగతావోళ్ల సంగతి తరవాత సెప్తారంట." తలెత్తి చూశాడు. "ఎవులమ్మా పదిహేడు?"

"నాదే" అంది జగ్గమ్మ, సిగ్గుపడుతూ.

ఆడవాళ్లందరూ ఒక్కసారి గోల చేశారు. గురువులు అక్కడికక్కడే ముంతెడు రసగుల్లాలు తెప్పించాడు. జగ్గమ్మ స్వయంగా ఒకటి తీసి కాసులమ్మ నోట్లో పెట్టింది. అది నమలడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది.

ఎందుకంటే విషయం ఆవిడకి అప్పుడే తట్టింది. పదిహేడు మూత కింద ఉన్నది తనది. అంటే అందరికంటే ఎక్కువ వచ్చింది తనకి! ఇరవై ఏళ్ల జగ్గమ్మని పన్నెండేళ్ల కాసులమ్మ దాటేసింది. ఒక్క క్షణం గుండె పొంగిపోయింది. మరుక్షణం కూలిపోయింది. ఒళ్లు తనది, కష్టం తనది, పట్టా మాత్రం జగ్గమ్మది. తన చేత్తో తనే మూత బిగించి మరీ ఇచ్చేసింది. ఊరుకుని ఉంటే ఈ రసగుల్లాలు తన మొగుడు తెచ్చేవాడు. ఎవరితో చెప్పుకుంటుంది? దొంగకి తేలు కుట్టినట్టయింది ఆవిడ పని. ఇంటికి వచ్చి బైరాగిని, కోళ్లని, పొయ్యిని వరసపెట్టి తిట్టింది.

మంగళవారం మధ్యాహ్నం సుచరిత మళ్లీ మట్టి కోసం వచ్చింది. చివరి మడి దగ్గర గొంతుక్కూర్చుని చిన్న గరిటెతో మట్టి తీసి సంచిలో వేస్తోంది. కాసులమ్మ చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని పక్కన కూర్చుంది. తనకి వచ్చిన బంగాళీలో మెల్లిగా కదిపింది.

"దీదీ, పదిహేడుకి కాగితాలు ఎప్పుడిస్తారు?"

"ఏ కాగితాలు?"

"మడి కాగితాలు. పట్టా."

ఆ అమ్మాయి గరిటె కింద పెట్టేసింది. ఎవరు చెప్పారని అడగలేదు.

"పట్టా కాదమ్మా. అది విషం. ఆవిడ ఒంట్లో సీసం చాలా ఉంది. ఎముకల్లోకి పోయి కూర్చుంటుంది. ముందు కడుపులో మెలిపెట్టి నొప్పి వస్తుంది. తర్వాత చేతుల్లో పట్టు పోతుంది. చెయ్యి చాపితే మణికట్టు వాలిపోతుంది, నిలబడదు. అలాగే వదిలేస్తే మనిషి మంచాన పడుతుంది."

కాసులమ్మ చేతులు తీసి కొంగులో పెట్టుకుంది.

"మందు లేదా?"

"ఉంది. గట్టి మందు, సూదితో ఎక్కిస్తారు. అది కూడా ఒంటికి మంచిది కాదు, కానీ వేరే దారి లేదు. ఎంతో తిరిగితే ఆస్పత్రిలో ఒక్క మంచం ఇచ్చారు. మీ అందరిలోనూ ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉంది, అయినా ఆవిడది మరీ ఘోరం. నాకు అర్థం కానిది ఒకటే. ఈ కాలువ బురదతో అంత రాదు. ఆవిడ బ్యాటరీ షెడ్ల వైపు గానీ పోతుందా? పొగ తాగుతుందా?"

కాసులమ్మ నోట్లో చుట్ట ఎప్పుడు ఆరిపోయిందో తెలియదు.

"మీకేమవుతుంది ఆవిడ?"

"మా అప్ప."

"అయితే జాగ్రత్తగా చూసుకోండి" అని ఆ అమ్మాయి లేచి, జగ్గమ్మ ఇల్లు ఎటని అడిగి అటు వెళ్లింది.

దీపాలు పెట్టే వేళకి జగ్గమ్మే గోడ దాటి వచ్చింది. రసగుల్లాలు పంచిన మనిషి కాదు. రెండు గంటల్లో పదేళ్లు పైబడ్డట్టుంది. పంచలో చతికిలబడి కాసులమ్మ మోకాలు పట్టుకుంది.

"నాకేటీ నొప్పి నేదే కాసులూ. తింతన్నాను, తొంగుంతన్నాను. అయినా లోపలంతా తినేసినాదంట కదే! పట్టా నేదు గిట్టా నేదు. సావు కాగితం ఇచ్చినారే నాకు."

"ఊరుకో అప్పా" అంది కాసులమ్మ.

"నాను మరి ఆ బురద తొక్కను. నా కోడల్ని తొక్కనివ్వను. మొదటి మడి నువ్వు సేసుకో. మీ బావకి సెప్పేసినాను, సరేనన్నాడు. నీ నెంబరు అంత సెడ్డది కాదంట కదా, ఆ పిల్ల సెప్పినాది. నీకేటీ భయం నేదు. నువ్వే సేసుకో."

పన్నెండేళ్లుగా ఏ మడి గట్టు మీద నిలబడి కళ్లలో నిప్పులు పోసుకుందో ఆ మడి. అడక్కుండా, కాళ్లావేళ్లా పడకుండా ఒళ్లోకి వచ్చి పడింది. నోరు మూసుకుని ఉంటే చాలు. గురువారం జీపు వస్తుంది, పోతుంది. చిక్కటి బురద తనది, జానెడు మీద రెండు వేళ్ల పువ్వు తనది, హారాన్ దాదా 'ఆహా' కూడా తనదే. ఏమీ లేని ఒంట్లోకి ఆ గట్టి మందు ఎక్కుతుంది. అన్నీ ఉన్న ఒళ్లు ఇక్కడ బురద ఎత్తుకుంటూ ఉంటుంది.

జగ్గమ్మ వెళ్లాక చేతిని చాపి చూసుకుందామని కాసులమ్మకి చాలాసార్లు అనిపించింది. చాపలేదు. బుధవారమంతా మడికి పోలేదు. మొదటి మడి వైపు ఒకసారి నడిచి, సగం దూరంలో కడుపు మెలిపెడితే గట్టు మీదే కూర్చుని, ఆ పువ్వుల్ని చూసింది. ఇక తనవే. జాన పెట్టి కొలవకుండానే ఇంటికి తిరిగింది.

గురువారం ఎనిమిదింటికి జీపు వచ్చింది. బస్తీ సగం గట్టు మీదే ఉంది. సంగతి అందరికీ తెలిసిపోయింది కాబట్టి ఈసారి గోల లేదు. పెద్దిరాజు దూరంగా, తల దించుకుని నిలబడ్డాడు. జగ్గమ్మ ఉతికిన చీర కట్టుకుని, చేతిలో గిన్నె, దుప్పటి మూటతో వచ్చి జీపెక్కింది. కొడుకు అప్పలసూరి చేతిని విడవకుండా ఏడుస్తోంది. సుచరిత రిజిస్టరులో ఏదో రాసుకుని డ్రైవరుతో పోనిమ్మంది.

కాసులమ్మ జీపు తలుపు పట్టుకుంది.

"అప్పా, దిగు. ఆ నెంబరు నీది కాదు. నాది."

జగ్గమ్మ ఏడుపు ఆపి చూసింది.

"ఏటి నీది?"

"పదిహేడు నాదే. ఆ రోజు నాను మూతలు మార్సీసినాను. పట్టా నీకొచ్చేత్తాదని. డబ్బాలోది నాదే."

జగ్గమ్మ మొహంలో ఏడుపు పోయి కోపం వచ్చింది.

"ఒలే కాసులూ! నా పువ్వు మీద ఏడ్సినావు, నా కూలోళ్ల మీద ఏడ్సినావు, మొగుడి బూట్లు తొడుక్కుంటే దొరసాని అన్నావు. నాకు తెల్దనుకున్నావా? పోన్లే సిన్నది అని ఊరుకున్నాను. మడి కూడా ఇచ్చినాను కదే! ఆకరికి నా రోగం మీద కూడా కన్నేసినావా? జీపు ఎక్కుతన్నానని ఓర్సుకోలేకపోతన్నావా?"

ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, గట్టంతా నవ్వింది. నవ్వకూడని చోట ఆపుకున్న నవ్వు కాబట్టి మరీ గట్టిగా వచ్చింది. "జగ్గమ్మ సస్తే కాసులమ్మ పాడె మీద కూడా సగం సోటు అడుగుతాది" అంది ఒకావిడ. బైరాగి వచ్చి పెళ్లాం రెక్క పట్టుకుని లాగాడు. "పరువు తీత్తన్నావు, ఇంటికి పదే" అన్నాడు.

కాసులమ్మ తలుపు విడవలేదు. ఇంకో రోజైతే ఆ నవ్వుకి అక్కడే ముగ్గురి జుట్టు పట్టుకుని ఉండేది. ఈవేళ ఎవరినీ ఒక్క మాట అనలేదు. పన్నెండేళ్ల బతుకు మీద వాళ్లు నవ్వుతున్నారు, అందులో అబద్ధం లేదు.

"ఏమంటోంది?" అని సుచరిత బంగాళీలో అడిగింది. అప్పలసూరి నవ్వుతూనే చెప్పాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. జీపు దిగి వచ్చి కాసులమ్మ ముందు నిలబడింది. మొన్న కొంగులో పెట్టుకున్న చేతులు ఆ అమ్మాయికి గుర్తున్నాయి కాబోలు.

"మీరిద్దరూ పక్కపక్కన నిలబడండి. చేతులు ముందుకి చాపండి. అరచేతులు కిందికి. వేళ్లు తిన్నగా. నేను చెప్పేదాకా దించొద్దు."

జగ్గమ్మ మూట కొడుక్కిచ్చి దిగి, విసుగ్గా చేతులు చాపింది. కాసులమ్మ జీపు తలుపు విడిచి చేతులు చాపింది. నల్లబడ్డ గోళ్లు, వేళ్ల సందుల్లో మానని పుళ్లు. నాలుగు చేతులు గాలిలో వరసగా నిలిచాయి. గట్టు మీద కబుర్లు ఇంకా ఆగలేదు. సుచరిత వాచీ చూసుకుంటోంది.

కాసులమ్మ కుడి మణికట్టు మెల్లిగా వంగడం మొదలైంది. పళ్లు బిగించింది, మెడ నరాలు తేలాయి. అయినా చెయ్యి మాట వినలేదు. వేళ్లు నేల వైపు వేలాడిపోయాయి. జగ్గమ్మ చేతులు చెక్కలా నిలబడే ఉన్నాయి. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బైరాగి పెళ్లాం చెయ్యి కింద తన చెయ్యి పెట్టి పైకి ఎత్తాడు. వదిలేస్తే మళ్లీ వాలింది.

"ఎక్కండి" అంది సుచరిత కాసులమ్మతో. జగ్గమ్మ వైపు తిరిగి, "మీది అందరికీ ఉన్నంతే. అదీ తక్కువేం కాదు. మళ్లీ వచ్చి చూస్తాను. నోట్లో చెయ్యి పెట్టేముందు సబ్బుతో కడుక్కోండి" అంది.

జగ్గమ్మ చాపిన చేతులు దించకుండా కాసేపు అలాగే నిలబడిపోయింది. తన చేతుల్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది. ఆ తర్వాత మొదలెట్టింది.

"ముండా! రెండు దినాలు సంపినావు కదే నన్ను! నా కోడలు నా ముందు ఏడ్సింది, నా మొగుడు కూడు తిన్నేదు. పాడె కట్టించేసినావు కదే!" తిడుతూనే కొడుకు చేతిలోని మూట లాక్కుని జీపులోకి, కాసులమ్మ ఒళ్లోకి విసిరింది. "గిన్నె ఉన్నాది దాంట్లో. దుప్పటి ఉన్నాది. సన్నీళ్లు తాగీకు. రోగిష్టి ముండా!"

"అప్పా" అంది కాసులమ్మ.

జీపు కదిలింది. కిటికీ పక్క సీటు, అందరూ చూస్తుండగా. వెనక్కి తిరిగి చూస్తే జగ్గమ్మ అప్పటికే గట్టు దిగి మడిలోకి పోతోంది. ఇంకా తిడుతూనే ఉంది, తిట్టుకొకసారి చెయ్యి పైకి ఎగరేస్తోంది. హారాన్ దాదా వేళయింది కాబట్టి నిండు బుట్ట దగ్గర వంగి, రెండు చేతులతో ఒక్క ఊపున తలకెత్తుకుంది. బుట్ట ఒరగలేదు. మణికట్లు గట్టిగా, తిన్నగా నిలబడి ఉన్నాయి.

కాసులమ్మ ఆ చేతుల్నే చూసింది. పన్నెండేళ్లలో జగ్గమ్మ మడిని చూసి ఏడ్చింది, బురదని చూసి ఏడ్చింది, పువ్వుల్ని చూసి ఏడ్చింది. ఆ చేతుల వైపు ఎప్పుడూ కన్నెత్తి చూడలేదు. ఇప్పుడు వాటిని చూస్తుంటే ఇదివరకెన్నడూ లేనంతగా కడుపు మండిపోయింది. జీపు మలుపు తిరిగి ఆ చేతులు కనపడకుండా పోయేదాకా తల తిప్పుకోలేకపోయింది.